కత్తిపరుజు సొమ్ములు: పల్నాటి కొణతములును జపానీయుల త్సుబలును

పల్నాటిసీమలో ఖడ్గము కేవలాయుధము గాదు, పూజావస్తువు. ఏటేటఁ గార్తికామావాస్య మొదలుకొని యైదుదినములు కార్యమపూఁడిలో జరుగు వీరుల యుత్సవమునకు వీరాచారవంతులు తమ యిండ్లలోను గ్రామములలోను బూజలందు వీరాయుధములను గొనివత్తురు. వానికిఁ గొణతములని పేరు. నాగులేటిలో వానికి స్నానము చేయింతురు, పసుపు పూసి కుంకుమమునఁ బొట్లు పెట్టుదురు, పూలదండలు చుట్టుదురు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యా యైదుదినములకు నైదు పేళ్లు. క్రీ. శ. 12వ శతాబ్దపుఁ జివర నచ్చటి రణరంగమునఁ బడిన వీరుల కథను శ్రీనాథుఁడు ద్విపదగా రచించెనని ప్రసిద్ధి. నరసరావుపేటకుఁ బడమట నున్న రొంపిచెర్ల మొదలుకొని మాచెర్ల వఱకుఁ గల పల్లెలలో బాలచంద్రుని పేరు వినని బాలుఁ డుండుట యరుదు.

అయినను ఆ బాలునకుఁ బాఠము చెప్పు పండితుని 'పరుజనఁగా నేమి?' యని యడిగినచోఁ 'గత్తిపిడి' యని యుత్తరము వచ్చును, అంతకుమించి రాదు. ఇందుఁ బండితుని తప్పు లేదు. నిఘంటువులును నంతియే చెప్పుచున్నవి. అమరసింహుఁడు త్సరుశబ్దమునకు ఖడ్గాదుల పిడియని యర్థము చెప్పి ముందునకుఁ బోయెను. అలుఁగు, వాదర, ఒర, పరుజు అను నాలుగు మాటలతోఁ గత్తి వర్ణన ముగిసిపోవును. పిడికిని నలుఁగునకును నడుమ నుండి చేతిని గాచు బిళ్ల యేది, ఇరుప్రక్కలకుఁ జాఁచిన కొమ్ము లేవి, పిడికొనను మూయు గుబ్బ యేది, యనిన విచారము కావ్యవ్యాఖ్యానములఁ గానరాదు.

శాస్త్రగ్రంథముల దృష్టియు నలుఁగుమీఁదనే నిలిచినది. వరాహమిహిరుఁడు బృహత్సంహితలో ఖడ్గలక్షణమున కొక యధ్యాయమునే కేటాయించెను. ఏఁబది యంగుళముల కత్తి యుత్తమము, ఇరువదియైదంగుళములది కనిష్ఠము. అలుఁగుమీఁది మచ్చ యెన్నవ యంగుళమునఁ బడినదో దానినిబట్టి శుభాశుభములు. పదును పెట్టుటకు వాడవలసిన ద్రవ్యములు. ఇట్టి విషయములు విపులముగా నందుఁ గలవు. భోజుని పేరఁ బరఁగు యుక్తికల్పతరువునను ఖడ్గపరీక్ష గలదు. తెలుఁగున నవనప్ప రచించిన ఖడ్గలక్షణశిరోమణి పేరుతోడనే తన విషయమును దెలుపుచున్నది. ఇన్ని గ్రంథములు గల దేశమునఁ బరుజును జేసిన కమ్మరి పేరుగాని, దానిపైఁ బొదిగిన బంగారుతీఁగ పనికిఁ బేరుగాని సామాన్యపాఠకునకుఁ దెలియకపోవుట చింతింపవలసిన విషయమే.

జపానుదేశమున నిందులకు విపరీతము. అచ్చట నలుఁగునకు నెంత శాస్త్రము గలదో పిడి సొమ్ములకు నంత శాస్త్రము గలదు. 1781వ సంవత్సరమున నొసాకానగరమున ఇనబ త్సూర్యూ యనునతఁడు సోకెన్ కిషో యను గ్రంథమును నేడు సంపుటములుగాఁ బ్రకటించెను. కత్తిసొమ్ములను జేసిన శిల్పుల పేళ్లు, వారి వంశములు, వారి పనితీరులు నందు వివరింపఁబడినవి. మన యలంకారికులు కవులను వర్గీకరించినట్లు జపానీయులు కంసాలులను వర్గీకరించిరి. ఈ భేదమునకుఁ గారణ మేమని విచారించినచో నది రుచిభేదముకంటె ముందుగఁ గట్టుభేదముగాఁ గానవచ్చును.

జపానీయుల కత్తి రెండుచేతులఁ బట్టునది. పిడి కొయ్యతోఁ జేయఁబడును. దానిపై గరుకైన యొకవిధపు సముద్రపుఁజేఁప చర్మమును దొడిగి, పైనిఁ బట్టుత్రాటిని జతురస్రములు పడునట్లు చుట్టుదురు. ఆ చుట్టు క్రింద నిరుప్రక్కల నొక్కొక్క చిన్న లోహపుబొమ్మ చిక్కుకొని యుండును. దానికి మెనుకి యని పేరు. పిడిమొదట నుంగరమువంటి కట్టు ఫుచి. పిడికొనను టోపివంటి మూఁత కషిర. ఈ రెండును జంటగా నొక్క శిల్పియే చేయుట వాడుక. పిడికిని నలుఁగునకును నడుమ నుండు బిళ్లయే త్సుబ. ఇది సాధారణముగా మూఁడంగుళముల వెడల్పు గలిగి, గుండ్రముగనో, నాలుగు మూలలు గలదిగనో, తామరరేకులవంటి యంచు గలదిగనో యుండును. దానినడుమ నలుఁగుతోఁక దూఱుటకుఁ ద్రికోణమువంటి సన్నని రంధ్రము. దాని కిరుప్రక్కల నొరలో నిమిడిన చిన్నచాకుపిడియు, జుట్టు సవరించుకొను సూదియు వెలికి వచ్చుటకు వేఱు రంధ్రములు. చాకుపిడికిఁ గొజుక యనియు, జుట్టుసూదికిఁ గోగయి యనియుఁ బేళ్లు.

ఇన్ని యవయవములును నొక్క వెదురుమేకు నాధారము చేసికొని నిలుచును. పిడిలోని రంధ్రముగుండ నలుఁగుతోఁకలోనికి దిగగొట్టిన యా మేకును సుత్తితోఁ గొట్టి తీసినచోఁ బిడి యూడును, త్సుబ జాఱును, ప్రతియవయవమును వేఱుగాఁ జేతికి వచ్చును. కావున నొక యలుఁగున కనేక సొమ్ములుండుట సాధ్యమయ్యెను. ప్రభువు కొలువునకుఁ బోవునప్పుడు నల్లని గంభీరమైన సొమ్ము, విహారమునకుఁ బోవునప్పుడు చిత్రవిచిత్రమైన సొమ్ము తొడిగెడివారు. తాత యలుఁగునకు మనుమఁడు క్రొత్త త్సుబ చేయించెడివాఁడు. పాత త్సుబను వేఱొక యలుఁగునకుఁ దొడుగవలసినప్పుడు నడిమిరంధ్రపుఁ గొనలయందు రాగితునకలను జొనిపి బిగించెడివారు. ఇట్టి రాగితునకలు గల త్సుబ చేతఁ జిక్కినచో నది యెన్నికత్తులు మాఱినదో యని సంగ్రాహకుఁ డాలోచించును.

మన తల్వారు పిడి యట్లు గాదు. చేతఁ బట్టు భాగము, అడ్డకొమ్ములు, పిడికొనయందలి పళ్లెమువంటి బిళ్ల, ఇవి యన్నియు నొక్క యినుపముద్దగా నుండును. దాని బోలులోఁ గరఁగిన లక్కను నిటుకపొడితోఁ గలిపి పోసి యలుఁగుతోఁకను జొనిపి చల్లార్తురు. దానిని విడఁదీయవలెనన్న నిప్పు కావలెను. ఖండాకత్తికిఁ బిడినుండి వచ్చిన యినుపపట్టీలను నలుఁగున కిరుప్రక్కలఁ జేర్చి మేకులతో బిగింతురు. ఇట్లు పిడియు నలుఁగును దంపతులవలెఁ గలసి ముదియుట మన దేశపువాడుక. పూర్తిగా నిది నియమమని చెప్పరాదు. పాశ్చాత్యదేశములనుండి వచ్చిన నిడుపైన యలుఁగులకు దక్కనుకమ్మరులు స్వదేశపుఁ బిడులను దొడిగి 'ఫిరంగి' యను కొత్తజాతి కత్తినే పుట్టించిరి. దాని పిడికొనయందలి ముల్లు రెండవచేయి పట్టుటకుఁ బనికివచ్చును. అయినను బిడిసొమ్ము నలుఁగునుండి వేఱుచేసి పెట్టెలోఁ బెట్టి మురియుట మన కలవాటు గాలేదు. శాస్త్రము పుట్టకపోవుటకు నిదియే ముఖ్యకారణమై యుండును.

లోహములసంగతి మిక్కిలి రసవంతమైనది. జపానీయులు రాగిలో నించుక బంగారమును, సాధారణముగా నూటికి నాలుగుపాళ్ల ప్రాంతమునఁ, గలిపి శకుదో యను మిశ్రలోహమును జేసిరి. కరఁగి చల్లారినప్పు డది రాగివలెనే యుండును. చిలుము మొదలగు ద్రవ్యములు కలిపిన నీట మరగించినప్పుడు దానికి నేరేడుపండు వన్నె నలుపు వచ్చును. ఆ నీట ముంచుటకు ముందు ముల్లంగిరసముతో రుద్దుదురు. బంగారము వెచ్చించి నలుపును సంపాదించుట మనవారికి వింతగాఁ దోఁపవచ్చును. రాగిలో వెండి కలిపిన షిబుఇచి యను వేఱొక లోహమునకు బూడిదవన్నె. ఆ పేరునకు 'నాలుగింట నొకపాలు' అని యర్థము. ఇట్లు నలుపు, బూడిద, యెఱుపు, పసుపు, తెలుపు వన్నెలు లోహమునందే పుట్టఁగా శిల్పికి రంగులపూఁతతోఁ బని లేకపోయెను.

ఈ విద్య మన కంతగాఁ గ్రొత్తది గాదు. బీదరునగరమున బిద్రీపనివారు తుత్తునాగమున నించుక రాగిని గలిపి పాత్రలు పోసి, వెండితీఁగలు పొదిగి, బీదరుకోటలోని పాతమట్టిని నవాసాగరముతోఁ గలిపి పూయుదురు. పాత్ర నల్లనగును, వెండి తెల్లగనే నిలుచును. శకుదో నలుపున నొక యూదాచ్ఛాయ గలదు, బిద్రీనలుపు కాటుకవంటిది. ద్రవ్యములు వేఱు, నడుమ సముద్రము వేఱు. నల్లనినేలపై వెండిని మెఱపించు నూహ యొక్కటే.

తాపడమునందుఁ బోలిక యింకను స్పష్టము. ఇనుముమీఁద వాఁడియైన యుక్కుకొనతో నడ్డముగ నిలువుగ సన్నని గీఁతలు దట్టముగాఁ గీసి గరుకుచేసి, దానిపై బంగారుతీఁగను బఱచి, సుత్తితో నదిమి, మెఱుఁగుఱాతితోఁ దోముట మన దేశపుఁ గొఫ్తగరీ. జపానీయులు సరిగా నీ పనినే నునొమె యందురు. గీఁతలు గీసిన యినుము నేఁతబట్టవలెఁ గనఁబడుటచే నా పేరు వచ్చెను. లోతుగా గాడి చెక్కి తీఁగను దిగఁగొట్టు పని యీ రెండుదేశములందును గలదు. చేతితో తడవినప్పుడు గరుకుతాపడము మొదట నంచులయందు లేచును; గాడితాపడము తరములు నిలుచును. పాతపిడిమీఁద బంగారము రాలిపోయినను గీఁతలగరుకు నిలిచి యుండును గనుక భూతద్దముతోఁ జూచినవానికిఁ బూర్వపు లత యెచ్చట నల్లుకొనెనో తెలియును.

త్సుబనేలపైఁ జేఁపగ్రుడ్లవంటి బుడిపెలు వరుసగాఁ దీర్చు పనికి ననకొ యని పేరు. కొన బోలుగా నున్న యుక్కుములికి నొక్కొక్క సుత్తిదెబ్బ కొట్టఁగా నొక్కొక్క బుడిపె లేచును. అరచేతిలో నిమిడెడి బిళ్లపై నిట్టివి వేలకొలఁది యుండును. ఒకదెబ్బ తప్పినఁ వరుస చెడును. ఇందుఁ బ్రసిద్ధులు గోతోవంశమువారు. మూలపురుషుఁడు గోతో యూజో (1440-1512) అషికాగవంశపుఁ బ్రభువు యొషిమసకడఁ గొలువు చేసెను. ఆ వంశమునఁ బదునేడుతరములు వరుసగాఁ గొలువుకంసాలులైరి. ఐదవవాఁడగు తొకుజో 1588లో హిదెయొషి యానతి బెద్ద బంగారునాణెములను గూడఁ జేసెను. తొలితరములవారు తమ పనిపైఁ బేరు చెక్కలేదు. తరువాతివారు 'ఇది మా తాత పని' యని సాక్ష్యపత్రముల నిచ్చిరి. ఆ పత్రములకును దొంగపత్రములు పుట్టినవనిన నాశ్చర్యపడఁ బనిలేదు.

గోతోవారి పని రాజాస్థానకవిత్వమువంటిది. సింహములు, నాగములు, వీరులు, నల్లని ననకొనేలపై బంగారము, అన్నియు నియమముప్రకారము. యొకొయ సోమిన్ (1670-1733) ఆ కట్టుబాటునుండి వెలువడి పట్టణపుశిల్పి యయ్యెను. ఉలిని వాల్చి పట్టి యొకప్రక్క లోతుగను నొకప్రక్క పలుచగను గీసి, కుంచెతో సిరాగీఁత గీసినట్లు లోహమున గీయుట యతఁడు ప్రసిద్ధికిఁ దెచ్చిన తీరు. హనబుస ఇచ్చో యను చిత్రకారుఁడు మిత్రుఁడై యతనికిఁ జిత్రముల నిచ్చెను. అప్పటినుండి యంగడివీథి, వాన, పిచ్చుకలు, పొలముపనివారు త్సుబల కెక్కిరి. ఆస్థానమువారు దీనిని మొదట నెట్లు చూచిరో సాహిత్యచరిత్ర నెఱిఁగినవారికి వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

సాహిత్యపండితులు చూడఁదగిన విశేష మొక్కటి కలదు. జపానీయుల త్సుబలపైఁ గథ గలదు గాని కథానాయకుఁ డనేకముగాఁ గనఁబడఁడు. ఇసె కథలయందు నరిహిరయనఁదగు నాయకుఁడు దూరదేశమునకుఁ బోవుచు నెనిమిది పలకలవంతెనకడఁ బూచిన నీలిపూలను జూచి యింటిని దలఁచుకొని కవిత చెప్పును. త్సుబపై శిల్పి వంకరపలకలను నాలుగుపూలను మాత్రము చెక్కి విడుచును. చూచువాఁడు తక్కిన దానిని బూరించుకొనవలెను. దీనికి 'ఇంట లేని చిత్ర'మని యర్థమిచ్చు పేరు వారిభాషలోఁ గలదు. ధ్వనిసిద్ధాంతమును జదివినవారికి నిది యానందవర్ధనుని యుదాహరణమువలెఁ దోఁపకమానదు. శ్లేషయుఁ గలదు. గొడ్డలి, కోతొ యను వీణ, చేమంతిపూవు అను మూఁడింటిని గలిపి చెక్కినచో మొదటిదానికి యొకి, రెండవదానికిఁ గొతొ, మూఁడవదానికిఁ గికు అను పేళ్లుండుటచే 'శుభవార్త వినుము' అను వాక్య మేర్పడును. వారిభాష రాని సంగ్రాహకుఁడు గొడ్డలిని జూచి కట్టెలుకొట్టువాని కత్తి యనుకొని యమ్మివేసినఁ జేయఁగలది లేదు.

1876వ సంవత్సరము మార్చినెలలో జపానుప్రభుత్వము సైనికాదులు దక్క నెవ్వరును గత్తి ధరించి తిరుగరాదని శాసించెను. ఒక్కనాఁటిలో వేలకొలఁది శిల్పులకుఁ బని పోయెను. యోధకుటుంబములు సొమ్ములను నమ్ముకొనఁజొచ్చిరి. గంపలలోఁ బోసి యమ్మిన త్సుబలు యూరపుఖండపు సంగ్రాహకులకు దక్కెను. కనో నత్సువొ (1828-1898) వంటి మహాశిల్పి క్రొత్తనాణెములకు నచ్చులు చెక్కి, తోక్యోలోని లలితకళాపాఠశాలలో నుపాధ్యాయుఁడయ్యెను. తక్కినవారు పరదేశీయులకుఁ బూలకుండలు చేసిరి. హాంబర్గునగరపు ప్రదర్శనశాలకై హర షిన్‌కిచి శిల్పులపట్టిక నొకదానిని సమకూర్చి 1902లోఁ బ్రకటించెను. హెన్రీ జోలీ యనునతఁడు ఇనద హొగితరోతోఁ గలసి 1913లోఁ బాత జపానుగ్రంథముల నింగ్లీషునకుఁ దెచ్చెను. ఇట్లు సొమ్ములు దేశము విడిచినను వానితో విద్యయుఁ గూడఁ బోయెను గనుక పూర్తిగా నష్టము గాలేదు.

మన దేశమున రెండేండ్లకే, అనఁగా 1878లో, ఆయుధశాసనము వచ్చెను. కాని యంతకుముందే ఘోరము జరిగిపోయినది. తంజావూరురాజ్యము 1855లో నంతరింపఁగా నాయకరాజులకాలమునుండి చేరిన యాయుధాగారము ప్రభుత్వమువశ మయ్యెను. కొన్నింటిని మదరాసు ప్రదర్శనశాలకుఁ జేర్చిరి. తక్కినవానిని విఱుగఁగొట్టి పాతయినుముక్రింద నమ్మిరి. వాల్‌హౌసు అను నధికారి యీ సంగతిని 1878లో 'ఇండియన్ ఆంటిక్వేరీ' పత్రికలో వ్రాసియుండెను. తెలుఁగునాయకులు పాలించిన తంజావూరిలోఁ బరుజుపైఁ జెక్కిన యాళులకుఁ, జిలుకలకు, హంసలకుఁ దెలుఁగుకంసాలులు పెట్టుకొన్న పేళ్లు వానితోనే కొలిమిపా లయ్యెను. జపానునందు సొమ్ము పోయినను బేరు నిలిచెను. ఇచ్చట సొమ్ముతోఁ బేరును బోయెను.

తెలుఁగుదేశమున జపానుకత్తులను జూడఁగోరువారు హైదరాబాదునకుఁ బోవలెను. మీర్ యూసుఫ్ అలీఖాన్, మూఁడవ సాలార్‌జంగు (1889-1949), 1912 మొదలు 1914 వఱకు నిజాముకడ దివానుగా నుండి, పిమ్మట జీవితము నంతయు వస్తుసంగ్రహమునకే వినియోగించెను. అతని మరణానంతరము 1951 డిసెంబరు 16వ తేదీని దివాన్‌దేవిడీలోఁ బ్రదర్శనశాల తెఱవఁబడినది. 1968లో మూసీనది దక్షిణపుటొడ్డున నున్న క్రొత్తభవనమునకు మాఱినది. అందుఁ దూర్పుదేశపు విభాగమున జపానుపింగాణితోఁ బాటు యోధులకత్తులును, వేఱొక విభాగమున దక్కను, మొగలాయి కత్తులును గలవు. పరదేశపుఁ బిడిని, స్వదేశపుఁ బిడిని నొక్కదినమునఁ జూచి పోల్చుటకుఁ దెలుఁగువారికి నంతకంటెఁ దగిన స్థలము లేదు.

ఈ పోలికకు నినుపసంబంధము కూడఁ గలదు. నిజామాబాదుమండలములోని కోనసముద్రమున మూసలలోఁ గరఁగించి చేసిన యుక్కుకై పారసీకవర్తకులు వచ్చెడివారని 1820లో నచ్చటికిఁ బోయిన వైద్యుఁడు వోయిసీ వ్రాసెను. అతని వ్యాసము 1832లోఁ బ్రకటితమైనది. 17వ శతాబ్దమున డచ్చివర్తకులు మచిలీపట్టణము, నరసాపురము ప్రాంతములనుండి యినుమును నుక్కును బటావియాకుఁ బంపెడివారు. వారికే జపానునందు 1609 మొదలు హిరదోలోను, 1641 మొదలు దెషిమలోను గిడ్డంగు లుండెను. ఆ శతాబ్దారంభముననే ఎచిజెన్ యసుత్సుగు అను కమ్మరి తన యలుఁగులపై 'దక్షిణపుమ్లేచ్ఛుల యినుముతోఁ జేసితిని' అను భావము గల యక్షరములు చెక్కెను. ఆ యినుములోఁ గొంత భారతదేశపుటుక్కని పలువురు విద్వాంసుల యభిప్రాయము. నమ్మఁదగిన యూహయేగాని, యే కత్తి యే మూసలోనిదో లోహపరీక్ష చేయక నిర్ణయింపరాదు; దేశాభిమానముచేఁ దొందరపడినచో శాస్త్రము చెడును.

సంగ్రాహకుని కన్ను దేనిమీఁద నిలుచును? పేరుమీఁదఁ గాదు. త్సుబపై రంధ్రమునకు నెడమప్రక్కఁ జెక్కిన పేరు నమ్మఁదగినది గాదు. ప్రసిద్ధశిల్పుల పేళ్లను బరులు యథేచ్ఛగాఁ జెక్కిరి. పోఁతపోసిన నకలునకు నంచులు మొద్దుగా నుండును. మూలలయందు సన్నని గుంటలు పడును. ఉలి నడచిన చోటఁ గానవలసిన తళుకు లేదు. ననకొబుడిపెలు పోఁతలో నొకదానితో నొకటి యతికికొనును. అన్నింటికంటె ముఖ్యమైనది వన్నె. ఇనుపత్సుబకు నూఱేండ్లమీఁదఁ బట్టిన గోధుమవన్నె నలుపును దోమి తెల్లఁబఱచినవాఁడు దాని ప్రాణమును దీసినవాఁడే. త్రుప్పు పట్టినచో జింకకొమ్ముతునకతోఁ గాని యెముకతోఁ గాని మెల్లగ రుద్ది బట్టతోఁ దుడుతురు, పులుసు తగులనీయరు. శకుదోబొమ్మను దెలుఁగింటిలో నిత్తడిచెంబువలెఁ జింతపండుతోఁ దోమినచో నలుపు చెడి రాగి బయటఁబడును.

ఇచ్చటఁ గొణతముల సమస్య యెదురగును. భక్తునకుఁ గొణతము దైవము. స్నానము, పసుపు, కుంకుమ లేక దైవము లేదు. సంగ్రాహకుని శాస్త్రమున నీరే యినుమునకు శత్రువు. అందువలన వానిని గుడినుండి తీసి యద్దాలబీరువాలోఁ బెట్టవలెనని పట్టణపువిద్యావంతులు కొంద ఱనవచ్చును. అది యుక్తముగాఁ దోఁపదు. నాగులేటినుండి వేఱుపడిన కొణతము వట్టి యినుపతునక. ఏ పిడి నే తరమువారు మార్చిరో, ఏ కట్టు నెవరు మ్రొక్కుబడిగాఁ జేయించిరో యను కథ దానిని బూజించువారి నోటనే గలదు. జపానునందు సయితము కత్తులన్నియుఁ బ్రదర్శనశాలల కెక్కలేదు. ఓమిషిమదీవిలోని ఓయమజుమి దేవాలయమునకు యోధులు సమర్పించిన కవచములు, కత్తులు దేవాలయపు భాండారముననే భద్రముగాఁ గలవు. అత్సుతదేవాలయమున నున్నదని చెప్పఁబడు కుసనగిఖడ్గమును సామాన్యులకుఁ జూపనే చూపరు. పూజయు రక్షణమును గలసియుండవచ్చునని దీనివలన స్పష్టము. స్నానానంతరమునఁ దడి నిలువకుండఁ బొడిబట్టతోఁ దుడిచి నూనె పలుచగాఁ బూయుట కే యాచారమును నడ్డురాదు. జపానీయులు తమ యలుఁగులకు లవంగతైలమును వాడుదురు, ఇచ్చట సామాన్యముగా దొరకు శుద్ధమైన నూనెయైనను సరిపోవును.

అమ్మకమునకు సంబంధించిన మాట యొకటి. 1972వ సంవత్సరపుఁ బురావస్తుశాసనము ననుసరించి నూఱేండ్లు దాఁటిన యిట్టి వస్తువులను బ్రజలు పరదేశమునకుఁ బంపరాదు. వ్యాపారము చేయుటకు ననుమతి కావలెను. కత్తిని గొనువాఁడు 1959వ సంవత్సరపు టాయుధశాసనమును గూడ గమనింపవలెను. జపానునందు నలుఁగునకు నమోదు కావలెనుగాని, విడిగానున్న త్సుబకుఁ గాదు. అది వారిలెక్కలో నాభరణమే.

పాఠశాలాపండితులు చేయఁదగిన పని డబ్బుతోఁ గూడినది గాదు. ఊరఁ గొణతము గల యింటివారి యనుమతితో దాని పొడవు, పిడిపొడవు, కొమ్ముల వెడల్పు కొలిచి కాగితముపై నుంచవలెను. నిలువున నొకటియుఁ, బ్రక్కనుండి యొకటియుఁ జిత్రములు గీయవలెను. ఛాయాచిత్రము తీయనిచ్చినచో మఱియు మేలు. పిడి నూడఁదీయుటకు యత్నింపరాదు. లక్కకు నిప్పు సోఁకించినచో నలుఁగు పదును మొదటనే పోవును. పసుపు పేరుకొన్నచోట గోరితో గీఱరాదు; దానిక్రింద నక్షరము లున్నను సరే. పిమ్మట నింటివారిని, ఊరి కమ్మరిని, కంసాలిని వేఱువేఱుగాఁ గూర్చుండఁబెట్టి యీ బిళ్ల పేరేమి, యీ కొమ్ము పేరేమి, యీ గుబ్బ పేరేమి యని యడుగవలెను. ముగ్గురు మూఁడు పేళ్లు చెప్పినచో మూఁటిని వ్రాసికొనవలెను. వానిలో నేది సాధువు, ఏది గ్రామ్యము అని యప్పుడే తీర్పు చెప్పరాదు. నిఘంటుకర్తలు పరుజునకుఁ జెప్పక విడిచిన యర్థములు రొంపిచెర్ల, కార్యమపూఁడి, గురజాల ప్రాంతపుఁ గొలుములకడ నింకను నేమైన మిగిలియున్నచో నవి వృద్ధుల నోళ్లలోనే యుండవలెను.